ఆదివారం పందికూర, బుధవారం అన్న

మా ఇంట్లో తువ్వాళ్లకు కొదవ లేదు. నేసేవాడి ఇంట్లో కొదవ ఎందుకుంటుంది? అయినా నా కోసమని ఒక తువ్వాలు వేరే ఉంది. అంచు దగ్గర దారాలు జారి, బజారుకు పోలేక ఇంటికి చేరిన పచ్చరంగు డ్యామేజీ తువ్వాలు. స్నానాల గది బయట మేకుకు వేలాడుతూ ఉంటుంది. దాన్ని ఇంట్లో ఎవరూ ముట్టరు. ఆదివారం మధ్యాహ్నం నేను పందికూర తిని ఇంటికొచ్చినప్పుడే దానికి పని.

ఆ వేళకు మా ఆవిడ చాట ఒళ్లో పెట్టుకుని గడప దగ్గర బీడీలు చుడుతూ ఉంటుంది. నేను సందు మలుపు తిరిగానో లేదో, తల ఎత్తకుండానే ఆజ్ఞలు మొదలవుతాయి.

“చెప్పులు ఆడనే ఇడువు. బకెట్ల నీళ్లున్నయి. మూతి కడుక్కో. మీసాలు సబ్బు పెట్టి కడుక్కో. అంగీ బయటనే తీసెయ్. అప్పుడు లోపలికి రా.”

“నీ తంబాకు వాసన ముంగట నా వాసన ఎంతనే?”

“తంబాకు మనకు బువ్వ పెడ్తున్నది. నీ పంది ఏం పెడ్తది?”

“అది గూడ బువ్వనే పెడ్తది. భాకరీతోని.”

నవ్వు ఆపుకోవడానికి ఆమె ఆకు మీదికి ఇంకా వంగుతుంది. పెళ్లయిన కొత్తలో మొదలైన తగాదా ఇది. ఇద్దరిలో ఎవరూ గెలవలేదు, ఎవరూ మానలేదు.

మేం తినే హోటలు మా సోలాపూర్ ఊళ్లో అక్కల్‌కోట్ రోడ్డు మీద, నీలం నగర్ దాటాక, ఒక టైర్ల దుకాణం పక్క సందులో ఉంది. రేకుల కప్పు, సిమెంటు బల్లలు, ఆడవాళ్లతో వచ్చేవాళ్ల కోసం ఒక మూల చద్దర్లు కట్టి చేసిన చాటు. బోర్డు మీద ఒక కోడి బొమ్మ, ఒక మేక బొమ్మ ఉంటాయి. లోపల అసలు దొరికే జంతువు బొమ్మ మాత్రం ఉండదు. మా పేటల్లో మటన్ తిన్నామని నలుగురిలో చెప్పుకుంటారు, పంది తిన్నామని చెప్పుకోరు. అందుకే అక్కడికొచ్చే పెద్దమనుషులు బండిని టైర్ల దుకాణం ముందు ఆపి, గాలి కొట్టించుకోవడానికి వచ్చినట్టు కాసేపు టైర్లకేసి చూసి, తర్వాత సందులోకి జారుకుంటారు. మాకు అంత నాటకం అక్కర్లేదు. మేం వచ్చిన సంగతి మా గొంతులే వీధంతా చాటుతాయి.

వంట చేసేది హోటలు యజమానురాలే. అందరం ఆమెను మావుశీ అంటాం, మరాఠీలో పిన్ని అని. మా తెలుగువాళ్ల మధ్య బతికి బతికి ఆమెకు తెలుగు వచ్చేసింది. కాకపోతే మరాఠీ ఎట్లా కసిరి మాట్లాడుతుందో తెలుగూ అట్లాగే మాట్లాడుతుంది. ముక్కలు తోలుతో సహా కొట్టిస్తుంది. ఒక్కో ముక్కలో తోలు, కొవ్వు, మాంసం మూడూ వరసగా ఉండాల్సిందే. ఉల్లి, వెల్లుల్లి, ఎండుకొబ్బరి నల్లబడేదాకా వేయించి నూరిన మసాలాలో వాటిని కట్టెల పొయ్యి మీద గంటల తరబడి మగ్గబెడుతుంది. సుక్కా, అంటే ఆ పొడి కూర, పళ్లెంలోకి వచ్చేసరికి అంచులు కరకరలాడుతుంటాయి, లోపల కొవ్వు మాత్రం నాలుక తగలగానే కరిగిపోతుంది. పక్కన గిన్నెలో రస్సా. పైన ఎర్రటి నూనె తేలుతూ, ముక్కులోంచి నీళ్లు తెప్పించే పలచటి పులుసు. కడక్ భాకరీ, అంటే అప్పడంలా విరిగే ఎండు జొన్నరొట్టె, దాన్ని పటపటా విరిచి రస్సాలో నానేసి, పిడికిలితో గుద్ది పగలగొట్టిన ఉల్లిగడ్డ నంజుకుంటూ తినాలి. ఇంత రాస్తుంటేనే నోరూరుతోంది, ఏం చేయను!

మేం నలుగురం. ఒకప్పుడు నలుగురం ఒకే పెద్ద కార్ఖానాలో పవర్‌లూమ్‌ల మీద పనిచేశాం. అది మూతపడ్డాక చెల్లాచెదురయ్యాం. నేను భవాని పేట్‌లో ఒక షెడ్డులో టర్కీ తువ్వాళ్లు నేస్తున్నాను. మాలో ఒకడు జాబర్, అంటే మగ్గాలు రిపేరు చేసేవాడు. పేటలన్నీ తిరుగుతాడు, మాట మాత్రం పొదుపు. ఇంకొకడు మగ్గం వదిలేసి ఆటో నడుపుతున్నాడు. వాణ్ని మేం ఆటో అనే పిలుస్తాం. వాడికి నోరు మూతపడదు. దారిలో ఎక్కినవాళ్ల కథలన్నీ ఆదివారం దాకా దాచుకొచ్చి మా ముందు గుమ్మరిస్తాడు. నాలుగోవాడు మా అందరికంటే పెద్ద, మాకు అన్న. ఇప్పటికీ ఇంకో కార్ఖానాలో మగ్గం మీదే ఉన్నాడు. రక్తసంబంధం ఏమీ లేదు. నాకు మగ్గం నేర్పింది ఆయనే, పంది తినడం నేర్పిందీ ఆయనే.

మొదటిసారి ఆ హోటల్లో నేను పళ్లెం ముందు మొహం అదోలా పెట్టి కూర్చుంటే, అన్న రస్సా గిన్నె నా వైపు జరిపాడు. “ముక్క జోలికి పోకు. ముంగట ఇది తాగు. ఇంక తర్వాత నీ ఇష్టం,” అన్నాడు. తాగాను. తర్వాత నా ఇష్టం ఏమిటో నాకు బాగానే తెలిసివచ్చింది. కార్ఖానా పోయాక వారంలో మేం కలుసుకునేది ఆ ఆదివారం బల్ల దగ్గరే. పెళ్లిళ్ల కబుర్లు, పిల్లల చదువులు, షెడ్డు యజమానుల మీద తిట్లు, అన్నీ అక్కడే. ఆ బల్ల లేకపోతే నలుగురం ఒకే ఊళ్లో ఉండి కూడా ఒకరికొకరం లేనట్టే.

మా బల్ల గోల గురించి కూడా చెప్పాలి. పవర్‌లూమ్ షెడ్డులో పొద్దంతా పని చేసినవాడు మెల్లగా మాట్లాడటం అంటే ఏమిటో మరిచిపోతాడు. మేం గుసగుసలాడుతున్నాం అనుకుంటాం, అవతలి వీధిలో కుక్కలు లేస్తాయి. మావుశీ పొయ్యి దగ్గర్నుంచి గరిట చూపిస్తూ అరుస్తుంది: “ఏయ్, మీరు జరా మెల్లగ మాట్లాడుండ్రి! మీ ఇంటి సంగతులు నా గిరాకీలకు ఎందుకు?”

నిజానికి షెడ్డు లోపల మేం నోటితో మాట్లాడం. ఆ మోతలో నోరు ఎందుకూ పనికిరాదు. అక్కడ చేతులే మాట్లాడతాయి. బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్. మీసం మెలేసినట్టు చేస్తే యజమాని వస్తున్నాడని, ఇప్పటి యజమానికి మీసమే లేకపోయినా. దూరంగా ఉన్న మనిషిని పిలవాలంటే దారం చుట్టే ఖాళీ కండె ఒకటి అతని కాళ్ల దగ్గర పడేలా విసరాలి. అతను తిరిగి చూస్తాడు. అప్పుడు బొటనవేలూ చూపుడువేలూ కలిపి ముడివేసినట్టు మెలిపెట్టి చూపిస్తే, దారం తెగింది, వచ్చి అతుకు అని అర్థం. ఎవరి మగ్గం అని అతను గడ్డం ఎత్తి అడుగుతాడు, మనం వేలు చూపిస్తాం. ఈ చేతి భాషను మేం ఎన్నడూ షెడ్డు గడప దాటించలేదు. బయట అట్లా చేతులు తిప్పితే మాటరానివాళ్లను వెక్కిరించినట్టు ఉంటుందని మాకొక పట్టింపు.

ఈ ఏడు ఎండలు ముదిరే వేళకు అన్న ఆదివారం రావడం మానేశాడు. ఫోన్‌లో ఒక మెసేజ్ పెట్టాడు: “డాక్టర్ వద్దన్నడు. చర్బీ బంద్. మీరు తినుండ్రి.” కొవ్వు మానాల్సి వచ్చింది పాపం అనుకున్నాం. తర్వాతి వారం ఊరికే వచ్చి కూర్చోమన్నాం. రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తడు, ఎత్తినా “సరే సరే” అని పెట్టేస్తాడు. ముగ్గురం తింటున్నాం కానీ ఏదో వెలితిగా ఉండేది. ఆటో ఒక కథ మొదలుపెట్టి, సగంలో అన్న కూర్చునే చోటు వైపు చూసి, చప్పగా ముగించేవాడు.

ఇట్లా ఉండగా ఒక ఆదివారం మావుశీ భాకరీలు తెచ్చి బల్ల మీద పెడుతూ అడిగింది: “ఏం రే, మీకూ మీ అన్నకూ భాండణ్ అయిందా?”

“కొట్లాట ఎందుకు మావుశీ? ఆయనకు డాక్టర్ వద్దన్నడు.”

“ఏం డాక్టర్? ప్రతి బుధవారం వస్తడు. మొదటి షిఫ్ట్ దిగి సీదా ఈడికే. ఒక్కడే కూసొని సుక్కా తింటడు, రస్సా మళ్ల అడుగుతడు.”

నా చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. జాబర్ తన పళ్లెం పక్కకు జరిపాడు. ఆటో మాత్రం, “అంటే పంది మీద కోపం లేదు, మన మీదనే ఉన్నది,” అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నాకు కోపం వస్తే ఆపడం నా వల్ల కాదు, అది దేశమంతటికీ తెలుసు. ఇన్నేళ్లు ఒక గిన్నెలో రస్సా పంచుకున్న మనిషి మమ్మల్ని వద్దనుకుని ఒక్కడే వచ్చి తింటాడా? ఆ రాత్రి అన్నం కూడా తిన్నట్టు లేదు.

బుధవారం ఒంట్లో బాగాలేదని షెడ్డులో చెప్పి, మధ్యాహ్నం హోటలుకు వెళ్లాను. లోపల ఎవరూ లేరు. భోజనాల వేళ దాటిపోయింది. గోడవారగా చివరి బల్ల దగ్గర, తలుపు వైపు వీపు పెట్టి, అన్న ఒక్కడే కూర్చుని తింటున్నాడు. పళ్లెం నిండా సుక్కా. నేను ఆయన వెనకాలే నిలబడ్డాను.

“ఏమన్నా, బాగున్నదా? డాక్టర్ దగ్గర ఉండి తినిపిస్తుండా?”

ఆయన భాకరీ విరుచుకున్నాడు.

“మేం ఏం తప్పు చేసినం? చెప్పరాదా? మా మొఖాలు చూస్తే నీకు ముద్ద దిగుతలేదా? నాకు మగ్గం నేర్పినవ్, పంది తినుడు నేర్పినవ్, ఇంక మా తోని ఒక్క మాట చెప్పకుండ తెంపుకొనిపోతవా?”

ఆయన తాపీగా ఉల్లిగడ్డ కొరికాడు. అంత తాపీగా కొరకడం చూసి నాకు కోపం నెత్తికెక్కింది. ఇంకా చాలా అన్నాను. అవన్నీ ఇక్కడ రాయలేను. పొయ్యి దగ్గర మావుశీ గరిట పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. చివరికి ఆ వీపుతో మాట్లాడలేక, బల్ల చుట్టూ తిరిగి ఆయన ఎదురుగా వెళ్లాను.

అన్న తల ఎత్తాడు. నన్ను చూశాడు. మొహమంతా వెలిగిపోయింది.

“అరే! నువ్వెప్పుడొచ్చినవ్? కూసో, కూసో! మావుశీ, ఇంకో ప్లేట్!”

ఆ మొహంలో దాచుకున్నది ఏమీ లేదు. తప్పించుకు తిరిగేవాడి మొహం కాదది. చాలా రోజులకు తమ్ముణ్ని చూసిన మొహం. నేను నిలబడే ఉన్నాను. మావుశీ పళ్లెం తెచ్చి పెడుతూ, “అంతసేపు నువ్వు గోడకు చెప్పినవ్, దాదా,” అంది మెల్లగా. అప్పుడు అర్థమైంది నాకు. కోపమంతా ఎటు పోయిందో పోయి, దాని చోట ఏడుపు వచ్చింది. పక్కకు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకుని కూర్చున్నాను.

అన్న నా మొహం చూసి సంగతి గ్రహించాడు. కాసేపు ముక్కలు అటూ ఇటూ జరిపాడు. తర్వాత ఆయనే చెప్పాడు.

“కార్ఖానల నాకేం తక్లీఫ్ లేదు. ఆడ ఎవ్వనికీ వినపడది. చేతులు చూస్త, పని చేస్త. ఈడికొస్తెనే పరేషాన్. మీరు ముగ్గురు ఒక్కసారే మాట్లాడ్తరు. ఆటోగాడు ఏందో అంటడు, మీరు నవ్వుతరు. మీ మొఖాలు చూసి నేను నవ్వుత. నేను నవ్వెటాళ్లకు మీ నవ్వు అయిపోతది. ఒక్కన్నే నవ్వుకుంట కూసుంట, పిచ్చోని లెక్క. ఎన్ని దినాలు గట్ల నవ్వాలె?”

నేను నా చెవి చూపించి, మిషన్ పెట్టుకోవచ్చు కదా అని సైగ చేశాను.

“కొడుకు కొనిచ్చిండు. పెట్టుకుంటే గిన్నెల మోత పెద్దగైతది, మాట గట్లనే ఉంటది. డబ్బల పెట్టిన. ఈ టైముకు ఈడ ఎవ్వరుండరు. మావుశీ బల్ల తట్టి, భాకరీలు ఎన్నని వేళ్లు చూపిస్తది. బస్, ఎవ్వరికీ నవ్వేది లేదు, ఏం లేదు. హాయిగున్నది.” భాకరీ విరుస్తూ, “ఆ ఇద్దరికి చెప్పకు. ఆటోగాడు నా మీద జాలి చూపిస్తే నాకు తిన్నది అరగది,” అన్నాడు.

హాయిగా ఉంది అన్నాడు కానీ, నేను వచ్చాక మాత్రం ముక్కలు తన పళ్లెంలోంచి తీసి నా పళ్లెంలో వేస్తూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం మా ఆవిడకు చెప్పాను. ఆమె దారం కొరికి బీడీ చాటలో పడేసి, నన్ను జాలిగా చూసింది.

“మా బీడీల ఆడోళ్లందరికీ ఎరుకనే. వాళ్లింటామె పోయిన చలికాలమే చెప్పింది.”

“మరి నాకెందుకు చెప్పలే?”

“నీకు ఎరుకనే అనుకున్న. ఐనా మీరు నలుగురు కూసొని అరుస్తరు, ఒకని మాట ఒకడు వినడు. ఇంక చెవులు పోయినయని మీకెట్ల తెలుస్తది?”

నేను లేచిపోయి, మీసాలు ఇంకోసారి సబ్బు పెట్టి కడుక్కున్నాను.

శ్రావణం దగ్గరపడింది. మా దగ్గర శ్రావణమాసమంతా ఇళ్లల్లో నీసు వండరు, బయటా తినరు. అందుకని దాని ముందు ఆదివారం సోలాపూర్ మొత్తం నెల్లాళ్ల తిండి ఒక్కరోజే తినాలన్నట్టు హోటళ్ల మీద పడుతుంది. దాన్ని గటారి అంటారు. ఆ ఒక్కరోజుకైనా రమ్మని అన్నను పట్టుకున్నాను. వాళ్లింటికి పోయి, ఎదురుగా కూర్చుని, పెదవులు కదిలేది కనిపించేలా ఒక్కో మాటా విప్పి చెప్పాను. ఆయన చాలాసేపు ఒప్పుకోలేదు. చివరికి, “ఆ ఒక్క దినం వస్త. గదే ఆఖరు. తర్వాత నన్ను అడగొద్దు,” అన్నాడు. అంటే ఆ ఆదివారం బాగా జరిగితే మా బల్ల మీద నలుగురం ఉంటాం, లేకపోతే అన్న మాకు ఇక లేడు. నాకు ఆ వారమంతా దిగులుగానే ఉంది.

చప్పుడు తక్కువగా ఉండే గోడ పక్క బల్ల పట్టుకోవాలని తొందరగా బయల్దేరాం. మాకంటే తొందరగా ఊరంతా బయల్దేరింది. టైర్ల దుకాణం ముందు బండ్లు రోడ్డు దాకా నిలిచాయి. ఆ రోజు టైర్ల వైపు చూసి నాటకమాడే ఓపిక కూడా ఎవరికీ లేదు, అందరూ సీదా సందులోకే. మాకు సరిగ్గా హోటలు నడిమధ్య బల్ల దొరికింది. నాలుగు వైపులా మనుషులు, గిన్నెల మోత, పొయ్యి మీద మసాలా పొగ, చద్దరు చాటున పిల్లల ఏడుపు.

ఆటో కూర్చుంటూనే కథ ఎత్తుకున్నాడు. స్టేషన్ దగ్గర ఎక్కిన పెళ్లికొడుకు, వాడి బాసింగం ఆటో పైకప్పులో ఇరుక్కుపోవడం, దాన్ని తీయడానికి వాడి మామ వచ్చి తనూ ఇరుక్కోవడం. నేనూ జాబరూ పడి పడి నవ్వాం. మా నవ్వు ఆగిపోయాక అన్న నవ్వాడు. ఆటో ఆశ్చర్యంగా ఆయన వైపు చూశాడు. ఆ చూపు అన్నకు అందింది. “చేతులు కడుక్కొనొస్త,” అని లేచి, మూలనున్న నల్లా దగ్గరికి పోయాడు.

ఇక లాభం లేదు, ఇప్పుడే చెప్పకపోతే పని చెడుతుంది అనుకున్నాను. ఇద్దరినీ దగ్గరికి వంగమని, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, చాలా మెల్లగా, గుసగుసగా చెప్పాను:

“అన్నకు చెవులు వినపడ్తలేవు. డాక్టర్ గీక్టర్ అంతా ఝూట్. జరా ఆయన మొఖం చూసి మాట్లాడుండ్రి. జాలి చూపియ్యకుండ్రి!”

హోటలు నిశ్శబ్దమైపోయింది. అంతమంది ఉన్న హోటల్లో చెంచా చప్పుడు లేదు. చద్దరు చాటు నుంచి ఒకామె తల బయటికి వచ్చింది. నా గుసగుస ఎంత దూరం పోతుందో నాకు అప్పుడు గుర్తొచ్చింది. అందరూ ఏం చేశారు? ఎవరి మీద జాలి చూపించొద్దో ఆ మనిషి ఎవరా అని, అందరూ ఒక్కసారే నల్లా వైపు తిరిగారు.

నల్లా పైన అద్దం ఉంది. అన్నకు ఏమీ వినపడలేదు కానీ, అద్దంలో హోటలంతా కనపడింది. ఇన్ని మొహాలు తనవైపే. వాటి నడుమ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని నేను. ఇంకేం వినపడాలి? ఆయన నల్లా కట్టేశాడు. చేతులు భుజం మీది తువ్వాలుకు తుడుచుకున్నాడు. మా బల్ల వైపు చూడకుండా తలుపు వైపు నడిచాడు.

“అన్నా!” అని అరిచాను. బజారులో ఉన్నవాళ్లు కూడా వినుంటారు, అన్న తప్ప. లేచి పరిగెత్తుదామంటే దారినిండా బల్లలు, కాళ్లు, పళ్లేలు మోసుకొచ్చేవాళ్లు. నా చేతులారా చెడగొట్టుకున్నాను అనుకున్నాను. ఆటో నోరు తెరిచి అట్లాగే ఉన్నాడు.

అప్పుడు జాబర్ బెంచీ మీదికి ఎక్కాడు. బల్ల మీది నిమ్మచెక్క తీసుకుని, ఇంత గురిచూసి, విసిరాడు. అది మనుషుల కాళ్ల సందుల్లోంచి పోయి సరిగ్గా అన్న మడమ దగ్గర పడింది.

అన్న ఆగిపోయాడు. కాళ్ల దగ్గర ఏదైనా పడితే ఆగడం, తిరగడం ఆయనకు పడుచు వయసు నుంచే అలవాటు. కిందికి చూశాడు. వెనక్కి తిరిగాడు. బెంచీ మీద అందరి తలలకు పైన నిలబడ్డ జాబర్ చెయ్యెత్తి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి, ముడి మెలిపెట్టాడు.

దారం తెగింది. వచ్చి అతుకు.

తలుపు దగ్గర నిలబడి అన్న ఆ వేళ్లకేసి చూశాడు. కాసేపటికి ఆయన గడ్డం పైకెత్తాడు, షెడ్డులో ఎత్తినట్టే. ఎవరిది?

జాబర్ తన ఛాతీ మీద వేలు పెట్టుకున్నాడు. నన్ను చూపించాడు. ఆటోను చూపించాడు. ఆ తర్వాత కింద ఖాళీగా ఉన్న అన్న చోటును చూపించాడు.

అన్న వచ్చాడు. దారి పొడుగునా మనుషులు కాళ్లు ముడుచుకుని దారిచ్చారు. తన చోట కూర్చుని, నా వైపు తిరిగి, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నన్ను వెక్కిరించాడు. ఆ తర్వాత నా నెత్తి మీద ఒక్కటి వేశాడు. చిన్నప్పుడు కండె తప్పుగా పెడితే వేసినంత గట్టిగా వేశాడు. అంత సంతోషంగా నేను ఎప్పుడూ దెబ్బ తినలేదు.

ఇక ఆ రోజు మేం నోళ్లు తెరిచింది తినడానికే. చేతులకు రస్సా, కొవ్వు, మసాలా, అవే చేతులతో మాటలు. నేను అన్నను వాళ్లావిడ గురించి అడిగాను. జాబర్ తన షెడ్డు యజమానుల మీద ఎప్పుడూ నోటితో అనని మాటలన్నీ చేతులతో అన్నాడు. అతని దగ్గర అన్ని మాటలున్నాయని మాకు ఆ రోజే తెలిసింది. ఆటోకు మాత్రం చేతులు తుప్పు పట్టాయి. ఉప్పు కావాలనబోయి యజమాని వస్తున్నాడని చెప్పాడు. పక్క బల్లవాళ్లు తినడం మానేసి మమ్మల్నే చూస్తున్నారు. చూడనీ. ఎవరినో వెక్కిరించినట్టు ఉంటుందన్న పట్టింపు ఎటు పోయిందో తెలియదు.

మావుశీ గరిటతో సహా పొయ్యి వదిలి వచ్చింది. మా మొహాలు ఒక్కొక్కటే చూసింది.

“కాయ్ రే, ఏమైంది మీకు? ఇంత చుప్పుగున్నరు! కూర మంచిగ లేదా?”

అన్న ఆమె పెదవులు చూశాడు. ఖాళీ పళ్లెం ఎత్తి చూపించి, రేకుల కప్పు అదిరేలా అరిచాడు: “మంచిగ లేకుంటే నాకింత బొజ్జ ఎట్లొచ్చింది? ఇంకో ప్లేట్ తే!”

ఆ ప్లేటు వచ్చేలోపు ఆటో పెళ్లికొడుకు కథను మళ్లీ మొదలుపెట్టాడు, ఈసారి చేతులతో. నెత్తి మీద బాసింగం పెట్టాడు. పైకప్పు చూపించాడు. తల లాక్కోబోయాడు, రాలేదు. మామను పిలిచాడు. ఆ తర్వాత పెట్టిన సైగ ఏమిటో నాకు తెలియలేదు. జాబర్ కనుబొమలు ముడిచాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నాం.

అన్న అప్పటికే బల్ల మీద చెయ్యి కొడుతూ, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వుతున్నాడు. ఆయన్ని చూసి మేం కూడా నవ్వడం మొదలుపెట్టాం.